ఆఖరి పుట్టి దేవుడిది

పోలన్న పెళ్లాన్ని పోలన్నే చేజేతులా మాంత్రికుడికి అప్పగించాడని గవరమ్మ అన్నదట. అనడమంటే వాకిట్లో నిలబడి అరవడం కాదు. నూతి దగ్గర చేదతో నీళ్లు తోడుతూ తోడికోడలి చెవిలో అన్నది. తోడికోడలు ఆ మాటను మజ్జిగకు వచ్చిన నాగులమ్మకు చెప్పింది. నాగులమ్మ కడుపులో అన్నమైనా నిలుస్తుంది గాని మాట నిలవదు. పొద్దెక్కేలోపే అది రెల్లుపాడు ఊరంతా తిరిగి, చేరవలసిన చోటికి, అంటే పోలన్న అత్తగారు సూరమ్మ చెవికి చేరింది.

"ఇంకా ఏమన్నదో తెలుసా?" అన్నది సూరమ్మ, ఏటి నడుమ గుండ్రటి తోలుపుట్టి అంచును రెండు చేతులా పట్టుకుని. "మాంత్రికుణ్ణి ఏరు దాటించింది ఎవడు, పోలిగాడు. వాడికి ముంత నిండా గంజి పోసింది ఎవరు, పోలిగాడి పెళ్లాం. చేసుకున్నవాళ్లకి చేసుకున్నంత, మధ్యలో ఊరేం పాపం చేసింది అన్నదట ఆ మహాతల్లి. దాని నోట్లో దుమ్ము పడ."

"అత్తా, కదలకు. పుట్టి ఒరుగుతుంది."

"మాట్లాడితే కూడా ఒరుగుతుందా?"

"నువ్వు మాట్లాడితే చేతులు కూడా మాట్లాడతాయి."

గవరమ్మ మాటలో అబద్ధం లేదు. పోలన్నను కోస్తున్నది అదే.

వజ్రవేణీ నది కాంస్యగిరి రాజ్యానికి పడమటి ఎల్ల. ఆ నీటి మీద ఏ మంత్రమూ పారదు. మబ్బుల్లో ఎగిరేవాడైనా సరే, వజ్రవేణి మీదికి వచ్చేసరికి మామూలు మనిషై కూలబడవలసిందే. దాటాలంటే ఎవరో ఒకరు చెయ్యిచ్చి దాటించాలి. పాతికేళ్ల కిందట రాజుగారు పింగళజటుడనే మాంత్రికుణ్ణి బంధించి అవతలి అడవులలోకి తోలించి, హాయిగా నిద్రపోయింది ఆ ధైర్యంతోనే.

కాని రెల్లుపాడు పుట్టివాళ్లకు ఒక ఆచారం ఉన్నది. పొద్దు వాలే వేళ నడిచే ఆఖరి పుట్టి రంగనాయకస్వామిది. అందులో ఎక్కేవాణ్ణి పేరు అడగరు. కేవు, అంటే దాటుకూలి, పుచ్చుకోరు. ఎవరినీ కాదనరు. ఒడ్డు తగలగానే కుడిచేత్తో మూడు చుక్కల నీళ్లు వదిలి "రంగార్పణం" అంటారు. ఆపైన ఆ పని మంచీ చెడ్డా స్వామివి. పుట్టివాడు ఇంటికి పోయి అన్నం తిని పడుకుంటాడు.

రెండు నెలల కిందట అలాంటి ఆఖరి పుట్టిలోనే ఒక ముసలివాడు కర్ర పట్టుకుని, దగ్గుకుంటూ ఎక్కాడు. పోలన్న పేరడగలేదు. ఇవతలి రేవులో చెంగల్వ ఒక చేత దీపమూ, ఒక చేత గంజిముంతా పట్టుకుని నిలబడి ఉన్నది. పెళ్లయి అప్పటికి మూడు నెలలు. ఆమె ముసలివాడి మొహం చూసి, ఆకలి పసిగట్టి, మొగుడి గంజి అతనికి పోసింది. ముసలివాడు తాగి, మూతి తుడుచుకుని, నవ్వాడు. పసుపుపచ్చని పొగ ఒకటి భగ్గున లేచింది. అది తేలిపోయాక రేవులో ముంత ఒకటే మిగిలింది.

పాతికేళ్లుగా చల్లారి ఉన్న మాంత్రికుడి కోట ధూమదుర్గం మర్నాటి నుంచి మళ్లీ పొగ కక్కడం మొదలుపెట్టింది. ఇరవై ఊళ్లలో మనుషులు మాయమయ్యారు. గట్టుదారిన వెళ్లిన రాజుగారి దండు నడిదారిలో రాళ్లై నిలబడిపోయింది. ఇక మిగిలింది నీటిదారి, చెంగల్వను వెతుక్కుంటూ అత్తాఅల్లుళ్లు పుట్టి వేసుకుని బయలుదేరింది దానిలోనే. దానికి కాపలా ఏడు సుడులు.

మొదటి సుడిని పోలన్న ఒరుసుకుంటూ దాటాడు. రెండో సుడి పుట్టిని బొంగరంలా తిప్పింది. మూడో దానిలో మద్దిమాను ఒకటి నిలువునా లేచి మీద పడబోతే తెడ్డుతో పక్కకు నెట్టాడు. నాలుగో సుడి దాటేసరికి అరచేతులు చిట్లాయి. అయిదో దానిలో మొసలి పుట్టి అడుగు తోలును కరిచింది. సూరమ్మ తన చీర చెంగు చింపి చిల్లులో కుక్కి, దాని మీద కూర్చున్నది. ఆరో సుడి వాళ్ల దగ్గరున్న సత్తుపిండి మూటను మింగి తేన్చింది.

ఏడోది ఎదురైంది. దాన్ని సుడులతల్లి అంటారు. ఏరు ఏరంతా అక్కడ గుడ్డు పెంకులా గుండ్రంగా లోపలికి పగిలి, నడుమ నల్లటి నోరు తెరుచుకుని ఉన్నది.

పోలన్న తెడ్డు ఎత్తి ఒళ్లో పెట్టుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఒరే, తెడ్డెయ్యరా. చచ్చిపోతాం."

"వేస్తేనే చస్తాం అత్తా. ఆరింటికీ నా బలం సరిపోయింది. దీనికి చాలదు. తెడ్డు వేసినవాణ్ణి ఇది లోపలికి లాగుతుంది. ఊరకున్నవాణ్ణి మూడు చుట్లు తిప్పి ఉమ్మేస్తుంది. మా తాత చెప్పాడు."

"మీ తాత ఎలా పోయాడు?"

"ఇక్కడే పోయాడు."

సూరమ్మ నోరు తెరిచింది.

"తెడ్డు వేశాడు," అన్నాడు పోలన్న. "అలవాటైన చెయ్యి కదా."

పుట్టి నల్లటి నోటి అంచు మీదికి వాలింది. ఒక చుట్టు. ఆకాశం పళ్లెంలా తిరిగింది. రెండో చుట్టు. నీటిగోడ నిలువెత్తున లేచి చుట్టూ మూసుకున్నది. పోలన్న చేతులు వాటంతట అవే తెడ్డు మీదికి పోబోయాయి. ఆ చేతుల మీద సూరమ్మ బాసింపట్టు వేసుకుని కూర్చున్నది. మూడో చుట్టు. చీకటి. తరువాత ఎవరో అరచేత్తో చరిచినట్టు పుట్టి గాలిలోకి లేచి, పది బారల దూరాన నిలకడ నీటిలో దబ్బున పడింది.

"మీ తాతకు అత్త లేకపోయింది," అన్నది సూరమ్మ, ముక్కులో నీళ్లు చీదుకుంటూ.

తలెత్తి చూస్తే ధూమదుర్గం. ఏటికి కొమ్ములా పొడుచుకు వచ్చిన కాటుకకొండ కొసన, ఏనుగు దంతాల వంటి తెల్లని బురుజులతో, తేనెపట్టు వంటి వేయి గవాక్షాలతో, పాము కుబుసాలను తోరణాలుగా కట్టిన సింహద్వారంతో, శిఖరం నుంచి పాదం దాకా పచ్చని పొగను పట్టుచీరలా చుట్టుకుని, చూపు తిప్పుకోనివ్వని అందంతో నిలబడి ఉన్నది ఆ కోట. అందంగా ఉండడమే దానిలోని భయం. మెట్ల మీద రాలిన పున్నాగపూలు ఒక్కటీ వాడలేదు, ఒక్కదానికీ వాసన లేదు. కొలనులో హంసలు ఈదుతున్నాయి గాని నీటిలో అలలు లేవు.

పోలన్న ఒళ్లంతా విభూతి పూసుకుని కాషాయం చుట్టుకున్నాడు. సూరమ్మ మెడలో తులసిపేరు వేసుకుని, చేత కమండలం పట్టుకున్నది. పుణ్యాత్ములకు ఆ కోట తలుపులు అడ్డం ఉండవని, లోపలికి పోయినవాళ్లు బయటికి రాకపోవడమే ఉన్న చిక్కనీ ఊళ్లలో చెప్పుకుంటున్నారు.

ద్వారం దగ్గర ఇద్దరు కావలివాళ్లు ఈటెలు అడ్డం పెట్టారు.

"స్వామివారు బాగానే ఉన్నారు. ఈవిడెవరు?" అన్నాడు పొడుగువాడు.

"ఒరే అల్లుడా, చెప్పవేరా," అన్నది సూరమ్మ అలవాటుగా. అని నాలిక కరుచుకున్నది.

కావలివాళ్లు మొహమొహాలు చూసుకున్నారు.

"పూర్వాశ్రమంలో అత్తగారు," అన్నాడు పోలన్న.

పొట్టివాడు ఈటె దించాడు. "సన్యాసం పుచ్చుకున్నా వదల్లేదా స్వామీ?"

"వదిలేదైతే సన్యాసం ఎందుకు పుచ్చుకుంటాను నాయనా?"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. "నీ అంత తపస్సు చేసినవాడు ఈ మధ్య రాలేదు. పో, లోపలికి పో," అన్నాడు పొడుగువాడు కళ్లు తుడుచుకుంటూ. ఆ నవ్వు ఇద్దరి వీపుల వెనక ఇంకా వినపడుతూండగానే ఇనుప తలుపులు మూసుకున్నాయి.

లోపలి సభామంటపంలో నూటయేడుగురు మనుషులు రెండు వరుసలుగా నిలబడి ఉన్నారు. ఆడవాళ్లు, మగవాళ్లు, ముసలివాళ్లు. కళ్లు తెరిచే ఉన్నాయి, రెప్పలు పడడం లేదు. ఒక్కొక్కరి కుడి అరచేతిలో ఒక్కొక్క దీపం. ఎవరి పుణ్యం వాళ్ల దీపంలో నూనె. అది కాలి అయిపోయిన నాడు ఊపిరీ అయిపోతుంది. వరుసలకు విడిగా, నల్లరాతి గద్దెకు దగ్గరగా చెంగల్వ ఉన్నది. ఆమె చేతిలో ఉన్నది కోట దీపం కాదు. రేవులో పట్టుకున్న మట్టిప్రమిదే. దానిలో గోరంత నూనె ఉన్నది. ఒత్తి ఒక పక్కకు ఒరిగింది.

పోలన్న అడుగు ముందుకు పడింది.

"బూడిద పూసుకుంటే తెడ్డు పట్టిన చేతి కాయలు మాసిపోతాయా పుట్టివాడా?"

గద్దె మీద పింగళజటుడు కూర్చుని ఉన్నాడు. నిప్పురంగు జడలు భుజాల మీద నుంచి నేల దాకా పాకుతున్నాయి. అతని మొహంలో కోపం లేదు. పెళ్లివారికి ఎదురొచ్చినవాడి కళ ఉన్నది.

"ఆలస్యం చేశావు. నీ పెళ్లాన్ని తెచ్చింది నీ కోసమే. ఈ సభలో ఇంకొక్క దీపం వెలిగితే నూటెనిమిది. ఆ తరువాత ఏ ఏరూ నన్ను ఆపలేదు. ఆ నూటెనిమిదోది మామూలు పుణ్యం కాకూడదు. పదిహేనేళ్లు ఆఖరి పుట్టి నడిపావు. కుష్ఠురోగిని దాటించావు, పురుటినొప్పుల మనిషిని దాటించావు, జనం తరుముకొస్తున్న దొంగను దాటించావు. కేవు అడగలేదు. అబ్బ, ఎంత పుణ్యం." అతను నోరు చప్పరించాడు. "ధారపొయ్యి. నీ ఆలిని తీసుకుపో. ఆ ప్రమిద పొద్దు వాలేదాకా ఉంటుందో లేదో."

పడమటి గవాక్షంలో ఎండ అప్పటికే ఎర్రబడుతున్నది.

సూరమ్మ అడ్డం వచ్చింది. "వాడిదెందుకు, నాది పుచ్చుకో. అరవై ఏళ్ల దాన్ని. ఏకాదశులు ఉన్నాను."

పింగళజటుడు రాగిపాత్ర పట్టాడు. సూరమ్మ కమండలం వంచి, కుడి అరచేతి మీదుగా నీళ్లు వదిలింది. నిజమైన పుణ్యమైతే ఆ నీరు పాత్రలో పడగానే నూనె అవుతుంది. పాత్ర నిండా నీళ్లు పడ్డాయి. వాటి మీద ఆవగింజంత నూనెచుక్క తేలింది.

"అరవై ఏళ్లకు ఇంతేనా?"

"నోరు మంచిది కాదు నాయనా," అన్నది సూరమ్మ తలొంచుకుని. "ఉదయం సంపాదించింది సాయంత్రానికి గవరమ్మ దగ్గర పోతుంది."

పోలన్న ఆమె చేతిలోని కమండలం లాక్కున్నాడు. అతనికి బేరం ఆలోచించే తీరిక లేదు. చెంగల్వ ప్రమిదలో ఒత్తి చిటపటమన్నది.

"నేను దాటించిన ప్రతి ఆఖరి పుట్టి పుణ్యమూ నీకు ధారపోస్తున్నాను. అంతా. దాచుకోను. పుచ్చుకో."

నీళ్లు పడ్డాయి. నీళ్లు నీళ్లుగానే ఉన్నాయి.

మళ్లీ వంచాడు. పాత్ర పొంగి గద్దె మీదికి పారింది. ఒక్క నూనెచుక్క లేదు.

పింగళజటుడు పాత్రలోకి తొంగి చూశాడు. అతని మొహంలోని పెళ్లికళ తొలిసారి చెదిరింది.

"ఏం చేశావురా దాన్నంతా?"

పోలన్నకు అప్పుడు తెలిసివచ్చింది. పదిహేనేళ్లు, రోజూ, ఒడ్డు తగలగానే మూడు చుక్కలు వదిలి రంగార్పణం అన్నాడు. తాత అన్నాడు, తండ్రి అన్నాడు, తనూ అన్నాడు. ఏదీ ఉంచుకోలేదు. ఈవేళ ఇంత అవసరం పడితే తనదని చూపించడానికి చారెడు లేదు.

"స్వామికి ఇచ్చేశాను," అన్నాడు.

"అంతా?"

"అంతా."

మాంత్రికుడు లేచి చెంగల్వ దగ్గరకు వెళ్లాడు. "నీ ఆలీ అంతే. పెట్టిన ప్రతి ముద్దా రంగార్పణమట. దీనిలో పుణ్యం లేదు, పాపం లేదు. పది రోజుల్లో ఆరిపోవలసింది రెండు నెలలు వెలిగింది. ఏ నూనెతో వెలుగుతోందో నా శాస్త్రాలలో దొరకలేదు."

"నీకు దొరకదులే," అన్నది సూరమ్మ. "పెళ్లి కాలేదుగా."

అతను వినలేదు. "అయినా అదీ అయిపోవచ్చింది. పోలన్నా, నీదంటూ ఏదైనా ఒక్కటి మిగిలి ఉంటే పొయ్యి. లేదా ఇక్కడే కూర్చుని చూడు."

పోలన్న చెంగల్వ మొహం వంక చూశాడు. రెప్ప పడని ఆ కళ్లలో ప్రమిద మంట రెండు చుక్కలుగా కనిపిస్తున్నది. ఆ సాయంత్రం కూడా అచ్చం అలాగే కనిపించింది. పుట్టి ఇంకా ఒడ్డు తగలకముందే, ఆ దీపం చూసి, తెడ్డు పారేసి, మోకాలిలోతు నీటిలోకి దూకాడు. దూకి...

అతను కమండలం మళ్లీ పైకెత్తాడు.

"ఒక్కటి ఉన్నది," అన్నాడు మెల్లగా. "రెండు నెలల కిందటిది. ఒక పరదేశిని దాటించాను. కొత్త పెళ్లాం రేవులో నిలబడి ఉంటే ఆ తొందరలో రంగార్పణం అనడం మరిచాను. అది పాపమో పుణ్యమో నాకు తెలియదు. ఆ ఒక్కటే నాది."

"ఎవరా పరదేశి?"

"పేరడగలేదు. ఆచారం."

పింగళజటుడి కళ్లు మెరిశాయి. అర్పణం కాని ఆఖరి పుట్టి ఒకే ఒక్కటి. నూటెనిమిదో దీపానికి అది చాలు. ఆశ పెద్దదైనప్పుడు జ్ఞాపకం చిన్నదవుతుంది. ఆ రెండు నెలలలో అతను ఎన్ని వేషాలు వేశాడో, ఎన్ని గుమ్మాలలో దగ్గాడో అతనికే లెక్క లేదు. పాత్ర ముందుకు చాపాడు.

"దాని ఫలమంతా?"

"అంతా. ఒక్క చుక్క ఉంచుకోకుండా, దాని ఫలమంతా నీకే."

"పుచ్చుకున్నాను."

నీళ్లు పాత్రలో పడ్డాయి. నూనె కాలేదు. నల్లబడ్డాయి. నల్లబడి, కన్నీటి వాసన కొట్టి, ఉడికి, పొంగాయి. ఇరవై ఊళ్లలో రెండు నెలలుగా ఏడ్చిన ఏడుపంతా ఆ రాగిపాత్ర అంచు దాటి ఒక్కసారిగా బయటికి వచ్చింది. పింగళజటుడు పాత్ర విసిరేయబోయాడు. అది చేతిని వదలలేదు. తను తాగిన గంజి రుచి అప్పుడు అతని నోట్లోకి వచ్చింది కాబోలు, "నన్ను... నన్ను దాటించావా?" అన్నాడు. ఇవతలి ఒడ్డున అతని కాలు ఆనడానికి మూలం ఆ ఒక్క దాటు. అది అతని నెత్తినే పడేసరికి, అతని కాలి కింద నేల నేలగా ఉండడం మానేసింది.

గద్దె చీలింది. చీలికలోంచి వజ్రవేణి నీరు ఎగజిమ్మింది. వరుసలలోని నూటయేడు దీపాలూ ఒక్కపెట్టున ఆరాయి. ఆరిన ప్రతి దీపం వెనకా ఒక మనిషి దగ్గి, ఊపిరి పీల్చి, కెవ్వుమని పరుగు తీశాడు. వెనక గోడ కూలి కొండదారి తెరుచుకున్నది. బందీలందరూ అటు పడ్డారు. పోలన్న చెంగల్వ చెయ్యి పట్టుకునేలోపే నడుమ మెట్లు తెగిపోయాయి. ముగ్గురూ ఏటివైపు చిక్కిపోయారు. కుబుసాల తోరణాల కింద కావలివాళ్లు లేరు, ఈటెలు మాత్రం తేలుతున్నాయి. పరుగున రేవుకు చేరి పుట్టిలో పడ్డారు. వెనక ధూమదుర్గం బురుజు బురుజే చక్కెరబొమ్మలా కరుగుతున్నది.

పుట్టి ప్రవాహంలోకి జారింది. సూరమ్మ కూతురి మొహం రెండు చేతులా తడుముతూ "అమ్మా, మాట్లాడవే, ఒక్క మాట మాట్లాడవే," అంటున్నది. చెంగల్వ మాట్లాడలేదు. రెప్ప పడుతున్నది, ఊపిరి ఆడుతున్నది, నోరు మాత్రం విచ్చుకోలేదు. ఆమె చేతిలో ప్రమిద ఇంకా వెలుగుతున్నది. అది మొదటినుంచీ ఆ కోట దీపం కాదు గనక, కోటతోబాటు ఆరలేదు.

ఆ వెలుగులోనే కనిపించింది, పుట్టి అంచు మీద పడిన చెయ్యి.

నిప్పురంగు జడలు నీటిలో నాచులా పరుచుకున్నాయి. మంత్రం పారని నీటిలో పింగళజటుడు ఈత రాని ముసలివాడు. రెండు మునకలు వేసి, మూడోసారి తల పైకెత్తాడు.

"పోలన్నా. పొద్దు వాలుతోంది. ఇది ఆఖరి పుట్టి కదా."

సూరమ్మ కేక పెట్టి తెడ్డు అందుకున్నది. "వేళ్ల మీద కొట్టరా. ఒడ్డు తగిలిందా, వీడి మంత్రం వీడికొస్తుంది. మళ్లీ పిల్లని ఎత్తుకుపోతాడు. కొట్టు."

పోలన్న తెడ్డు లాక్కుని ఎత్తాడు. ఎత్తిన చేతులు ఎత్తినట్టే నిలిచాయి. పుట్టి ముగ్గురికే చాలీచాలదు. అడుగున చీరపేలిక కుక్కిన చిల్లు చెమ్మగిల్లుతున్నది. పడమట సూర్యుడిలో గోరంత ముక్క మిగిలింది. ముందు, వంపు తిరిగిన చోట, సుడులతల్లి హోరు వినపడుతున్నది.

"వీడు ఎక్కితే నలుగురం మునుగుతాం," అన్నాడు. "మునక్కపోతే వీడి చేతిలో చస్తాం. రెండు నెలలు వాడి చేతిలో నలిగినదానివి నువ్వు. నువ్వే చెప్పు చెంగల్వా. కొట్టనా, ఎక్కించుకోనా?"

చెంగల్వ ప్రమిదను జాగ్రత్తగా మోకాళ్ల మధ్య పెట్టుకున్నది. రెండు నెలల తరువాత ఆమె నోట వచ్చిన మొదటి మాట అది.

"పుట్టి నీదైతే కొట్టు బావా. దేవుడిదైతే తెడ్డు దించు."

పోలన్న తెడ్డు దించి, అంచు మీది చేతికి తన చెయ్యి అందించాడు.